వయసు మీరిన గినీ పందికి శస్త్రచికిత్స తరువాతి సంరక్షణ: దిగువ కృష్ణా డెల్టా

గినీ పంది పేరులో పంది ఉన్నా పందుల కుటుంబానికి చెందినది కాదు. ఎలుకలు, ఉడుతలు చేరిన కృంతకాల క్రమంలోనిదై, పైకి తోక కనిపించక, పెరిగిన దశలో సుమారు 700 నుంచి 1200 గ్రాముల వరకు తూగే ఈ శాకాహారి శాస్త్రీయ నామం కావియా పోర్సెల్లస్. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రజలు దీనిని వేల ఏళ్ళ కిందటే మాలిమి చేసుకోగా, 16వ శతాబ్దంలో యూరప్‌కు చేరి, ఆపై ప్రపంచమంతటా ప్రయోగశాలలకూ ఇళ్ళకూ విస్తరించింది. తెలుగునాట ఇది చాలాకాలం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధనాలయాల్లోనూ, వైద్య, ఫార్మసీ కళాశాలల జంతుశాలల్లోనూ మాత్రమే కనిపించి, ఆ తరువాత పెంపుడు జంతువుగా పట్టణాల ఇళ్ళలోకి వచ్చింది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో పశువైద్యం గేదెలు, ఆవులు, కోళ్ళు, గొర్రెలు, మేకల అవసరాల చుట్టూ పెరిగినది కనుక, ఇంత చిన్న జంతువుకు, అందునా వయసు మీరిన దానికి ఆపరేషన్ జరిగినప్పుడు, ఆ తరువాతి పది పదిహేను రోజుల భారం చాలావరకు ఇంటివారిపైనే పడుతుంది. ఆ రోజుల్లో దాని ప్రాణం కుట్ల కంటే మేత మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. గాయం చక్కగా మానుతూనే కడుపు ఆగిపోయి చనిపోయే గినీ పందులు ఉన్నాయన్న సంగతి ఈ సంరక్షణ మొత్తానికీ మూలసూత్రం.

వయసు, శస్త్రచికిత్సకు దారితీసే వ్యాధులు

గినీ పంది సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. నాలుగైదేళ్ళు దాటినదాన్ని వయసు మీరినదిగా పరిగణిస్తారు. ఈ వయసు ఆడవాటిలో అండాశయాలపై నీటి తిత్తులు ఏర్పడటం అతి సాధారణం. అవి పెరిగి కడుపు రెండు పక్కలా ఉబ్బటం, నడుము పక్కల వెంట్రుకలు సమంగా రాలిపోవటం వంటి లక్షణాలు కనిపించినప్పుడు, అండాశయాలనూ తరచు గర్భాశయాన్నీ కలిపి తొలగిస్తారు. ఆడా మగా రెంటిలోనూ మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడతాయి; ఇవి చాలావరకు కాల్షియం కార్బొనేట్ రాళ్ళు కావటం వల్ల మేతతో గానీ మందుతో గానీ కరగవు, కోసి తీయవలసిందే. చర్మం కింద వెంట్రుకల మొదళ్ళ నుంచి పుట్టే నిరపాయకరమైన కంతులు, మెడ దగ్గరి శోషరస గ్రంథులు చీముపట్టి గడ్డకట్టటం, దవడ పళ్ళు పెరిగి నాలుకను ఒరుసుకోవటం మిగిలిన ముఖ్య కారణాలు.

వయసు మీరిన జంతువులో అసలు వ్యాధితోపాటు మూత్రపిండాల బలహీనత, గుండె జబ్బు, కీళ్ళ అరుగుదల, పాదాల అడుగున పుండ్లు కూడా పైకి తెలియకుండా ఉండే అవకాశం ఎక్కువ. వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణులన్నింటి మాదిరే గినీ పంది కూడా తన నొప్పినీ నీరసాన్నీ దాచుకుంటుంది కాబట్టి, పైకి జబ్బు కనిపించే నాటికి లోపల చాలా జరిగి ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే రక్తపరీక్ష, ఎక్స్‌రే చేయించటం, బరువును గ్రాములలో రాసిపెట్టుకోవటం తరువాతి సంరక్షణలో భాగంగానే చూడాలి. ముందు ఎంత తూగేదో తెలియనివారికి తరువాత ఎంత తగ్గిందో తెలియదు.

తొలి రోజు

మత్తు దిగే గంటలలో మొదటి ప్రమాదం చలి. శరీర పరిమాణంతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువగా ఉండటం, కడుపు మీద వెంట్రుకలు గొరిగి ఉండటం, మత్తుమందు శరీరపు ఉష్ణ నియంత్రణను అణచివేయటం అన్నీ కలిసి, బయట ఎండ కాస్తున్నా జంతువు ఒళ్ళు చల్లబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న గినీ పంది శరీరోష్ణోగ్రత సుమారు 37 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. వేడినీళ్ళు నింపిన సీసాకు తువ్వాలు చుట్టి గూటిలో ఒక పక్కన మాత్రమే ఉంచి, వేడి ఎక్కువనిపిస్తే జంతువు రెండో పక్కకు జరిగిపోయే వీలు కల్పించాలి. కడప బండ పరిచిన చల్లటి నేల మీద గూడు నేరుగా పెట్టకుండా కింద ఒక బల్లో మందపాటి గోనెపట్టానో వేయటం ఆ ఒక్కరోజుకూ అవసరం.

గినీ పందికి వాంతి చేసుకునే శక్తి లేదు. కుక్కల మాదిరి రాత్రంతా పస్తు ఉంచి ఆపరేషన్‌కు తీసుకువెళ్ళటం దీనికి హానికరం. నోటిలో మేత మిగలకుండా ఉండేందుకు వైద్యుడు చెప్పిన కొద్ది గంటలు మాత్రమే ఆపి, స్పృహ పూర్తిగా వచ్చి మెడ నిలబెట్టగలిగిన వెంటనే ముందు పచ్చిగడ్డి పెట్టాలి. సగం మత్తులో ఉన్నప్పుడు నోట్లో ఏది పోసినా అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

మేత

గినీ పందికి ఉన్న ఇరవై పళ్ళూ, అంటే ముందు కొరికే కుంతకాలతోపాటు వెనుక నమిలే చర్వణకాలు కూడా, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు గడ్డిని నిరంతరం నమలటం వల్లనే అవి అరుగుతూ సరైన పొడవులో ఉంటాయి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట సంచిలా ఉండే అంధనాళంలో జీర్ణనాళంలోని పదార్థంలో సగానికి పైగా నిలిచి ఉండి, అక్కడి సూక్ష్మజీవుల చేత పులిసి శక్తిగా మారుతుంది. మేత ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, సూక్ష్మజీవుల సమతౌల్యం చెదిరి వాయువు చేరుతుంది, ఆ ఉబ్బరం నొప్పితో జంతువు మరింత మేత మానేస్తుంది. కొవ్వు పట్టిన ముసలి జంతువులో ఇంకొక కష్టం కూడా తోడవుతుంది: ఆకలితో ఉన్న శరీరం నిల్వ కొవ్వును ఒక్కసారిగా కరిగించటంతో అది కాలేయంలో పేరుకుని, ఆ అవయవాన్నే దెబ్బతీస్తుంది. పన్నెండు గంటలు దాటినా సొంతంగా తినని గినీ పందికి చేతితో తినిపించటం మొదలుపెట్టాలనీ, పూర్తిగా ఒక రోజు వేచి చూడరాదనీ పశువైద్యులు పట్టుబట్టటానికి కారణం ఇదే.

ఇతర దేశాలలో ఇందుకు గడ్డిపొడితో తయారైన ప్రత్యేక ఆహారం పొట్లాలలో దొరుకుతుంది. అది అందని చోట, నాణ్యమైన గినీ పంది గుళికలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తగా మెదిపి, ఎండుగడ్డిని మిక్సీలో సన్నని పొడిగా చేసి కలిపి, సూది తీసేసిన సిరంజిలో పట్టేంత పలుచగా చేసుకోవచ్చు. జంతువును వెల్లకిల పడుకోబెట్టకూడదు; తువ్వాలులో చుట్టి, నాలుగు కాళ్ళ మీద కూర్చున్న భంగిమలోనే ఉంచి, కుంతకాలకూ వెనుక పళ్ళకూ మధ్య డయాస్టిమా అనే ఖాళీ స్థలంలోకి సిరంజి మొనను పక్క నుంచి చేర్చి, అర మిల్లీలీటరు చొప్పున ఇచ్చి, నమిలి మింగే వరకు ఆగి మళ్ళీ ఇవ్వాలి. కిలో బరువున్న జంతువుకు, అది సొంతంగా ఏమీ తినని పక్షంలో, రోజు మొత్తం మీద 50 నుంచి 80 మిల్లీలీటర్ల వరకు, మూడు నాలుగు గంటలకొకసారి, రాత్రివేళ కూడా విడవకుండా అందాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుంటే తప్ప సాగే పని కాదిది.

జబ్బుపడినవారికి గంజి, పాలు, పెరుగన్నం, గ్లూకోజు నీళ్ళు పట్టటం తెలుగు ఇళ్ళలో తరతరాల అలవాటు; ఆ ప్రేమే ఇక్కడ ప్రాణాంతకమవుతుంది. పిండిపదార్థమూ చక్కెరా అంధనాళంలోని హానికర బ్యాక్టీరియాకు బలమిస్తాయి, పాలను జీర్ణం చేసుకునే ఏర్పాటు ఎదిగిన గినీ పందికి లేదు. దానికి పథ్యం గడ్డే.

ప్రకాశం బ్యారేజీ నుంచి విడివడే కాలువల కింద సాగయ్యే ఈ డెల్టాలో గడ్డికి కొదవ లేకపోయినా, ఏ గడ్డి అన్నది ముఖ్యం. వరిగడ్డి ఏ వాములోనైనా దొరుకుతుంది గానీ, సిలికా ఎక్కువై, పోషకం తక్కువై, వానకు తడిసినది బూజుపట్టి ఉంటుంది. శుభ్రమైన వరిగడ్డి నమలటానికి పనికివచ్చినా అదొక్కటే కోలుకునే జంతువును నిలబెట్టదు. గరిక అందరికీ తెలిసినది, గినీ పంది ఇష్టంగా తినేది; లేతదాన్ని కోసి పచ్చిగానూ, నీడన ఆరబెట్టి ఎండుగానూ పెట్టవచ్చు. అయితే వరి గట్ల మీద, మినుము చేల అంచున పెరిగే గరికపై పురుగుమందులూ కలుపుమందులూ పడి ఉండే అవకాశం ఎక్కువ కనుక, పెరటి గరికనో మందు కొట్టని స్థలంలోనిదాన్నో ఎంచుకుని బాగా కడగాలి. వరి కోతల తరువాత పశువుల కోసం చల్లే పిల్లిపెసర, జనుము వంటి పప్పుజాతి మేతలలో కాల్షియం ఎక్కువ. నీరసించిన జంతువు రుచికి నాలుగు రెమ్మలు తినటం వేరు గానీ, మూత్రాశయ రాళ్ళకు ఆపరేషన్ అయినదానికి వాటిని రోజువారీ మేతగా పెట్టరాదు. ఆక్సలేట్లు ఎక్కువగా ఉండే పాలకూర, తోటకూరల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

విటమిన్ సి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనుషుల మాదిరే గినీ పందులు కూడా ఈ విటమిన్‌ను శరీరంలో తయారుచేసుకోలేవు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ ధాన్యం మాత్రమే తినిపించిన గినీ పందులలో స్కర్వీ వ్యాధి రావటాన్ని గమనించటంతోనే ఆ విటమిన్ అన్వేషణ కొత్త దారి పట్టింది. చర్మాన్నీ కండనూ అతికించే కొల్లాజెన్ అనే మాంసకృత్తు తయారీకి విటమిన్ సి తప్పనిసరి కాబట్టి, అది చాలని జంతువులో కుట్లు ఆలస్యంగా మానుతాయి, కీళ్ళు నొప్పిపెడతాయి, ఆకలి చస్తుంది. ఆరోగ్యవంతమైనదానికి కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అవసరం కాగా, కోలుకునే దశలో వైద్యులు దీనిని 30 నుంచి 50 వరకు పెంచుతారు. జామపండులో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అంటే తీపి తక్కువగా ఉన్న దోరజామ ముక్క 15, 20 గ్రాములు ఒక పూటలో ఆ అవసరాన్ని తీర్చగలదు. కాప్సికం, కొత్తిమీర కూడా మంచివే. విటమిన్ మాత్రను నీటిసీసాలో కలపటం వృథా, ఎందుకంటే వెలుతురు తగిలిన నీటిలో అది త్వరగా నశిస్తుంది, రుచి మారిన నీటిని జంతువు తాగటం తగ్గిస్తుంది. గుళికలలో కలిపిన విటమిన్ కూడా తయారైన మూడు నెలలలో చాలావరకు తరిగిపోతుంది, కోస్తా ఉక్కకు ఇంకా ముందే పోతుంది. కుందేళ్ళకు ఆ విటమిన్ బయటి నుంచి అవసరం లేదు కనుక కుందేలు గుళికలలో అది కలపనే కలపరు.

మందులు

నొప్పి తగ్గనిదే గినీ పంది తినదు. ఒళ్ళు ముడుచుకుని మూలన కూర్చోవటం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవటం, కళ్ళు సగం మూయటం, పళ్ళు కొరకటం, ఇష్టమైన కొత్తిమీర పెట్టినా ముఖం తిప్పుకోవటం నొప్పికి గుర్తులు. మెలాక్సికామ్, బుప్రెనార్ఫిన్ వంటి నొప్పి మందులను వైద్యులు వాడతారు. వీటిలో మొదటిది మూత్రపిండాలు బలహీనమైన ముసలి జంతువుకు, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో, కీడు చేయగలదు కాబట్టి మోతాదును వైద్యుడే నిర్ణయించాలి. పాడి పశువుల కోసం ఇంట్లో ఉన్న ఇంజెక్షన్ సీసాలోంచి ఉజ్జాయింపుగా ఇవ్వటం ఎంతమాత్రం తగదు. వందల కిలోల పశువుకు ఉద్దేశించిన గాఢతలో ఒక్క చుక్క తేడా కూడా కిలో జంతువుకు పెద్ద తేడాయే.

ఇంతకంటే పెద్ద ప్రమాదం యాంటీబయాటిక్‌లలో ఉంది. పెనిసిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి, ముఖ్యంగా నోటి ద్వారా ఇచ్చినప్పుడు, గినీ పంది పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, క్లోస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా విషాలు విజృంభించేలా చేస్తాయి. కొద్ది రోజులలోనే నీళ్ళ విరేచనాలతో జంతువు చనిపోవచ్చు. పెనిసిలిన్ ఈ జంతువుకు విషతుల్యమని 1943లోనే గుర్తించారు. పిల్లల జ్వరానికి తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ మిగిలి ఉండని ఇల్లు తక్కువ, అడిగితే ఇచ్చే మందుల షాపులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. గాయం ఎర్రబడిందని ఆ సిరప్ పట్టటం ఆ గాయం కంటే వెయ్యి రెట్లు హానికరమన్న సంగతి డెల్టాలో గినీ పందిని పెంచే ప్రతివారికీ తెలిసి తీరాలి. వైద్యులు సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మందుల వంటివాటిని ఎంచుకుంటారు. గేదెలకూ కుక్కలకూ నిత్యం పెనిసిలిన్ వర్గపు మందులు వాడే వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ విషయాన్ని ముందుగా గుర్తుచేయటం అవిధేయత కాదు, ఆ జంతువు పట్ల బాధ్యత.

గాయం, గూడు, వాతావరణం

పొట్ట నేలకు దాదాపు తగిలేలా నడిచే జంతువు కాబట్టి కడుపు మీది కుట్లు ఎప్పుడూ పరుపును ఒరుసుకుంటూనే ఉంటాయి. ఊక, రంపపు పొట్టు డెల్టాలో చవకగా దొరికినా, వాటి దుమ్మూ మొనలూ కుట్లలో, కళ్ళలో గుచ్చుకుంటాయి. కుట్లు మానేవరకు వార్తాపత్రికల మీద ఉతికి ఎండబెట్టిన పాత నూలు పంచె లేదా చీర ముక్కలు పరిచి, రోజుకు రెండుసార్లు, తడిసిన ప్రతిసారీ మార్చటమే ఉత్తమం. మెత్తని గుడ్డ ముసలి జంతువు పాదాల పుండ్లను కూడా అదుపులో ఉంచుతుంది. గాయాన్ని ఉదయం, సాయంత్రం పరిశీలించి వాపు, చీము, దుర్వాసన, కుట్టు విడిపోవటం ఉంటే వైద్యునికి తెలపాలి. పసుపు, కొబ్బరినూనె, వేపనూనె రాయరాదు, జంతువు వాటిని నాకుతుంది, జిడ్డుకు మురికి అంటుకుంటుంది. బయటికి కనిపించే కుట్లను సుమారు 10 నుంచి 14 రోజులకు తీస్తారు.

తేమ గాలిలో ఈగలు త్వరగా వాలుతాయి. మూత్రంతో తడిసిన వెనుకభాగంలోనో కుట్ల అంచునో గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. ముసలి జంతువు తనను తాను శుభ్రం చేసుకోలేదు, ముసలి మగవాటిలో మలద్వారం దగ్గరి సంచిలో పెంటికలు పేరుకుపోవటం కూడా ఉంది. అందువల్ల గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో ఆ భాగాన్ని తుడిచి, పొడిగా ఆర్చటం రోజువారీ పని కావాలి. గూటి చుట్టూ దోమతెర కట్టి, బల్ల కాళ్ళను నీళ్ళ పళ్ళేలలో నిలిపితే ఈగలూ చీమలూ దూరంగా ఉంటాయి.

గినీ పందికి హాయిగా ఉండే ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీల వరకు. మే నెలలో రోహిణీ కార్తె నాటికి డెల్టాలో పగటి వేడి 40 డిగ్రీల దరికి చేరటమే కాక, సముద్రపు తేమ వల్ల ఒంటి వేడి బయటికి పోయే దారీ మూసుకుపోతుంది. చెమట పట్టని ఈ జంతువు 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బకు లోనుకాగలదు. నీటి కూలర్ మచిలీపట్నం వంటి తీరప్రాంతంలో తేమను ఇంకా పెంచుతుంది, గూటిపై తడిగోనె కప్పినా అంతే. ఏసీ గది గానీ, గుడ్డ చుట్టిన గడ్డకట్టిన నీళ్ళ సీసా గానీ, నేరుగా తగలని ఫ్యాను గాలి గానీ మేలు. వాయిదా వేయగలిగిన ఆపరేషన్‌ను డిసెంబరు, జనవరి నెలలకు వేయించుకోవటం తెలివైన పని. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు తుపానుల కాలం కూడా: 1977 నవంబరు 19న ఉప్పెనకు గురైన దివిసీమలో ఆ స్మృతి ఇప్పటికీ ఉంది, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను కూడా ఈ ప్రాంతాన్ని కుదిపింది. కరెంటు, దారులు రెండూ తెగిపోయే అటువంటి రోజులకు వారానికి సరిపడే మందులు, పొడిచేసిన గడ్డి, సిరంజిలు, శుభ్రమైన గుడ్డలు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

వైద్య సదుపాయం, ప్రయాణం

కృష్ణా జిల్లాలో శస్త్రచికిత్సా విభాగంతో బోధన సాగే పశువైద్య కేంద్రం గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. 1998లో ఏర్పడిన ఈ కళాశాల తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఊళ్ళలోని పశువుల ఆసుపత్రులూ, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలూ ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసం ఉద్దేశించినవి. గుడివాడవారికి గన్నవరం దగ్గరే గానీ, నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ ఊళ్ళవారికి అది గంటల ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరి, గాలి ఆడే పెట్టెలో గుడ్డా గడ్డీ పరిచి, దోసకాయ ముక్కలు వేసి తీసుకువెళితే దారిలో మేతా నీరూ రెండూ అందుతాయి. తోటి గినీ పంది ఉంటే దాన్ని కూడా వెంట తీసుకువెళ్ళటం మంచిది. గుంపుగా బతికే జంతువు కాబట్టి ఒంటరితనంలో మేత మానుతుంది. ఇంటికి వచ్చాక కుట్లను కొరకకుండా మధ్య జాలీ పెట్టినా, ఒకదానికొకటి కనిపించి వాసన తెలిసేంత దగ్గరలో ఉంచాలి.

కోలుకున్న తరువాత

వంటింటి తూనిక మీద రోజూ ఒకే వేళకు బరువు చూసి రాయటం, పెంటికల సంఖ్యనూ పరిమాణాన్నీ గమనించటం, ఈ రెండూ ఏ పరీక్ష కంటే ముందుగా మార్పును చెబుతాయి. పెంటికలు చిన్నవై, ఎండిపోయి, నీటిచుక్కల ఆకారంలోకి మారితే పేగులు నెమ్మదించినట్టు. ఆపరేషన్ ముందు బరువులో పదో వంతు తగ్గితే అది అత్యవసర స్థితి. చాలా రోజులు సిరంజి మేత మీద గడిపిన జంతువుకు పళ్ళు అరగక పెరిగి ఉండవచ్చు కనుక, రెండు మూడు వారాలకు నోరు మళ్ళీ చూపించాలి. రాళ్ళు తీయించుకున్నవాటిలో అవి తిరిగి రావటం ఎక్కువ. మూత్రంలో రక్తపు జీర, విసర్జించేటప్పుడు కీచుమనటం తొలి గుర్తులు. కాల్షియం తగ్గించటంతోపాటు నీరు ఎక్కువగా తాగించటం నివారణకు ఆధారం కాగా, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండి జంతువు తక్కువగా తాగుతుంది కాబట్టి, ఇంటివారు తాగే మంచినీళ్ళనే దానికీ పోసి, తడి ఆరని ఆకుకూరలు, దోసకాయ రోజూ పెట్టాలి. తగిన మందూ మేతా అందినా వారం పది రోజులకు కూడా సొంతంగా తినటం మొదలుపెట్టక, నొప్పి తగ్గక, బరువు కోల్పోతూనే ఉన్న ముసలి జంతువు విషయంలో, బాధ లేకుండా ప్రాణం విడిపించే ఇంజెక్షన్ గురించి వైద్యునితో దాపరికం లేకుండా మాట్లాడటం కూడా సంరక్షణలో భాగమే.